ఏడాకుల పిలక

కరాళకంఠుడి తోటలో మంచు నేలకు దిగదు. నడుమెత్తున ఆగి, కాగిన పాల మీద మీగడలాగా నిలిచిపోతుంది. దాని కింద పాదులూ, గట్లూ, కాలవల గలగల. దాని పైన గులాబీలు. పగడపు ఎరుపువి, పసుపుకొమ్ము విరిస్తే లోపల కనిపించే రంగువి, దోరగా వేగిన బియ్యప్పిండి రంగువి, తడిసిన పావురం మెడలాగా ఏ రంగో తేలనివి. ఎండ పడిందంటే, ఎవరో పట్టుచీరలు ఉతికి పొదల మీద ఆరేసినట్టుంటుంది. గాలి మాత్రం వీచదు. వాసనే తనంతట తాను నడిచి వచ్చి, మనిషి ముఖం మీద చెయ్యి వేసి కళ్ళు మూస్తుంది. దానికి చిక్కినవాడు నిలబడ్డచోటే కూలబడి, తనకిష్టమైన కల కంటాడు. లేవమంటే లేవడు. అలా లేవనివాళ్ళు తోట చివర గోడకు ఆనుకుని వరసగా కూర్చునే ఉన్నారు. కొందరి ఒళ్ళో పిచ్చుకలు గూళ్ళు కట్టాయి.

అందుకని అక్కడి తోటమాలులు ముక్కు కింద వాము మూట కట్టుకుని పని చేస్తారు.

కొత్తగా చేరిన గురవడు కూడా కట్టుకున్నాడు. గురవడంటే నిజానికి శీతలగిరి యువరాజు ఉదయకేతుడు. చిరుగుల తలపాగా, గోచీ పోసి కట్టిన పంచె, నడుముకు కొంకి కత్తి, చేతుల నిండా ముళ్ళ గీతలు. తల్లి పోయాక తనను ఎత్తుకుని పెంచిన అక్క కుముదినిని కరాళకంఠుడు మాయం చేసుకుపోతే, ఆమె కోసం ఈ వేషం కట్టాడు. కొండగుహలోని ముని అతనితో ఇలా అన్నాడు: "నీ అక్క ఆ తోట నడుమ ముసలి గులాబి చెట్టయి ఉంది. ఆ చెట్టులో ఆమె ప్రాణం ఉన్న ముక్క ఒక్కటి సరస్సు దాటించి, అవతలి గట్టు మట్టిలో నాటు. వేరు పట్టిందా, మీ అక్క దక్కినట్టే." అని కళ్ళు మూసుకున్నాడు. ఏ ముక్కో చెప్పలేదు. అది అడగవలసిన సంగతని యువరాజుకూ తోచలేదు.

చెట్టు దగ్గరికి చేరడానికి దారి ఒకటే, తోటపని. తండ్రి ఉద్యానవనంలో మాలుల వెంట తిరిగి కొమ్మ కత్తిరించడం, అంటు కట్టడం నేర్చుకున్నాడు. బాగా నేర్చుకున్నాడు. చిక్కంతా ఆ బాగా నేర్చుకోవడంలోనే వచ్చింది.

ఆ ఉదయం కరాళకంఠుడి దగ్గరనుంచి కబురొచ్చింది. నడిమి చెట్టు వేరు ముసలిదై నీరసించిందట. పూల కొమ్మలు కోసి తడిగుడ్డలో చుట్టి తెమ్మన్నాడు, కొత్త వేరు మీద తన చేత్తో తానే అంటు కట్టుకుంటాడు. మిగిలిన మోడును పొద్దుగుంకేలోపు తవ్వి తగలబెట్టమన్నాడు. ఆ పూల అత్తరు ఒంటికి రాసుకునే కరాళకంఠుడు ఇంకా ముప్పై ఏళ్ళవాడిలా తిరుగుతున్నాడని తోటలో అందరికీ తెలుసు.

"కత్తి అట్టా పట్టుకుంటావేంరా గురవా, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు?" అంది తిప్పమ్మ.

తిప్పమ్మ ఆ తోటకు పెద్ద మాలి. ఒంగిన నడుము, ఎండిన కందికట్టె లాంటి చేతులు. వాము మూట కట్టుకోదు. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉంటుంది, అదీ అడ్డపొగ, నిప్పు నోట్లోకి పెట్టి తాగుతుంది. ఆ పొగ ముందు గులాబి వాసన తల వంచుకుని పక్కనుంచి పోతుంది.

"ముళ్ళున్నాయి గదవ్వా."

"ముళ్ళుండక మీసాలుంటాయా? గట్టిగా పట్టు."

ముసలి చెట్టు నిజంగా పెద్దది. మొదలు మనిషి తొడంత ఉంది, బెరడు ముసలి ఏనుగు చర్మంలాగా మడతలు పడింది. దానిమీద లేచిన కొమ్మలు గొడుగులాగా విచ్చుకుని, నెత్తుటి ఎరుపు పూలతో వంగిపోయాయి. ఆ నిండుదనం చూసి యువరాజుకు అక్క జడే గుర్తొచ్చింది. కొమ్మ మీద చెయ్యి వేసి, మాలుల ఆనవాయితీ ప్రకారం "కోస్తున్నాను, కోపగించుకోకు" అని మెల్లగా చెప్పాడు. తర్వాత పని మొదలుపెట్టాడు.

ముందు ఎండుపుల్లలు తీశాడు. ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది తీశాడు. నడిమి గుబురు విప్పి వెలుతురు పడేట్టు చేశాడు. మిగిలిన ప్రతి కొమ్మనూ బయటికి చూసే కణుపుకు కాస్త పైన, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా కోసి, గాయానికి పేడముద్ద అద్దాడు. తగలబెట్టబోయే చెట్టే అయినా, నేర్చిన చెయ్యి ఊరుకోలేదు.

"అంటుకు పనికొచ్చే పుల్లలకు పైకొస ఏటవాలు, కిందికొస అడ్డకోత. మరిచిపోయేవు," అంది తిప్పమ్మ. "దొరకు చూపు ఆనదు. బొటనవేలితో తడిమి చూసుకుంటాడు ఏది తలో, ఏది మొదలో."

"చూపు ఆనకపోతే ముఖం అంత నిగనిగలాడుతుందేం?"

"ముఖానికి అత్తరు పూస్తాడు. కంట్లో పూసుకుంటాడా? నీ పని చూడు."

కోసిన పుల్లల్లో ఒక బలమైన దాన్ని యువరాజు పేడలో పొర్లించి తలపాగాలో దోపాడు. అక్క చిక్కిందనుకున్నాడు. గుండె తేలికపడింది.

"ఆ దొంగ పిలక ఉంది చూడు, దాన్నీ పీకెయ్," అంది తిప్పమ్మ, పాదులోకి చుట్టతో చూపిస్తూ.

మొదలు పక్కన మట్టిలోనుంచి లేత పిలక ఒకటి నిటారుగా లేచింది. పువ్వు లేదు, వాసన లేదు. సన్నటి పచ్చటి ఆకులు. పక్కన పాత గాయాల మచ్చలెన్నో, ఏటేటా పీకేసిన పిలకల గుర్తులు.

"ఇప్పుడెలాగూ తవ్వేస్తారు గదా, పీకడమెందుకు?"

"పిలక కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదురా. కత్తి పెట్టకు, కత్తితో కోస్తే మళ్ళీ లేస్తుంది. మొదట్లో పట్టి కిందికి లాగి చీల్చు."

అది అతనికీ తెలుసు. మట్టి తోసి, వేళ్ళు లోతుగా పోనిచ్చి, కిందికి లాగాడు. చర్రున చీలింది. మొదలు దగ్గర మడమలాంటి బెరడు ముక్క, దాని కింద నాలుగైదు తెల్లటి వేరు పోగులు కూడా ఊడి వచ్చాయి. చెట్టంతా ఒక్కసారి వణికింది. పూలన్నీ రెక్కలు రాల్చాయి, వాసన గుప్పున లేచింది. ఆ ఊపుకు యువరాజు వాము మూట జారి కాలవలో పడింది. పిలకను చెత్తకుప్ప మీదికి విసిరేశాడో లేదో, మోకాళ్ళు వాటంతటవే మడతపడ్డాయి.

కలలో శీతలగిరి కోనేరు మెట్లు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అందులో ఆకాశం ఉంది గాని మబ్బులు కిందినుంచి పైకి పోతున్నాయి. కుముదిని చివరి మెట్టు మీద కూర్చుని చీలమండ పట్టుకుని నిమురుకుంటోంది. ఆమె తలనిండా ఎర్రపూలు, మెడ వంగిపోయేటన్ని.

"కాలు అట్టా లాగుతారట్రా తమ్ముడూ?"

"నేనెక్కడ లాగానక్కా? నీ జడలో కొమ్మ ఒకటి తీసి భద్రంగా దాచుకున్నాను."

"అది నా జడ కాదురా. ఎవరిదో తెచ్చి నా నెత్తిన పెట్టి కట్టారు. అన్నం నేను వండుతాను, తినేది అది. మోయలేకుండా ఉన్నాను." ఆమె నీళ్ళలోకి చూసింది. "నేను కిందున్నాను. ఏడాదికోసారి తల బయట పెడతాను. ఎవరో ఒకరు వచ్చి తుంచుతారు. ఈసారి నువ్వొచ్చావు."

అతను ఆమె పక్కన కూర్చోబోయాడు. కూర్చుంటే హాయిగా ఉంటుందనిపించింది. మెట్టు మెత్తగా, పరుపులా ఉంది. అప్పుడు కోనేట్లోనుంచి చుట్టపొగ లేచి ముక్కు పుటాలు మండించింది.

దగ్గుతూ కళ్ళు తెరిచేసరికి తిప్పమ్మ అతని రొమ్ము మీద కూర్చుని ముఖాన పొగ వదులుతోంది. కాలవలో పడ్డ వాము మూట మళ్ళీ అతని ముక్కు కింద కట్టి ఉంది.

"లేరా. గోడవారన ఇక చోటు లేదు నీకు."

యువరాజు ఆమెను పక్కకు తోసి పాదులోకి దూకాడు. రెండు చేతులా మట్టి తవ్వాడు. జానెడు లోతున దొరికింది: మొదలు మీద ఉబ్బిన ముడి, దాని చుట్టూ బిగించి కట్టిన నల్లటి తలవెంట్రుకల పాయ. ముడి పైన కొమ్మలకు రెమ్మకు అయిదేసి ఆకులు. చెత్తకుప్ప వైపు చూశాడు. పిలకకైతే రెమ్మకు ఏడేసి ఆకులు. తలపాగాలోని పుల్ల తీసి చూశాడు, అయిదు. దాన్ని తడిగుడ్డలోని మిగతా పుల్లల్లోకే విసిరికొట్టాడు.

"అంటు కట్టిన చెట్టే గదరా," అంది తిప్పమ్మ. "కింద నాటు గులాబి, పైన దొర గులాబి. వింతేముంది అందులో?"

"ఆ కింది వేరు మా అక్క. నేను శీతలగిరి రాజు కొడుకును. పైనున్నది దొర సొంతం, ఆయన వయసు నిలిచేది దాంతోనే. మా అక్క వండి పెడుతుంటే అది పూస్తోంది."

తిప్పమ్మ నవ్వబోయింది. అతని ముఖం చూసి ఆగింది. మట్టిలో కనిపిస్తున్న జడపాయను చూసింది, దాని పక్కన పాత మచ్చల వరసను చూసింది. నోట్లో చుట్ట తీసి కాలవలో పడేసింది. నోట్లో చుట్ట లేని తిప్పమ్మను ఆ తోట ఎప్పుడూ ఎరగదు.

అప్పుడే గట్టు మీద టకటకమని చప్పుడైంది. రాగి కొంగ వస్తోంది.

కరాళకంఠుడు మంత్రించి వదిలిన కొంగ అది. తాటిచెట్టంత కాళ్ళు, కొలిమిలో కాలిన ముక్కు. చెత్తకుప్ప కనిపిస్తే చాలు ముక్కుతో పొడిచి మంట పెడుతుంది. అప్పటికే అవతలి కుప్పలు రెండు భగ్గుమంటున్నాయి. కొంగ మెడ సాచి ఇటు తిరిగింది. యువరాజు పరుగెత్తాడు. కొంగ ముక్కు దిగేసరికి కుప్ప మీద బోర్లా పడ్డాడు, ముళ్ళన్నీ రొమ్ములో దిగాయి. పక్కన ఎండుపుల్లలు అంటుకున్నాయి. తలపాగా ఊడదీసి కాలవలో ముంచి, రెండోసారి దిగిన ముక్కుకు చుట్టచుట్టి లాగాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. కొంగ తలవిదిలిస్తే అతను తలపాగాతో పాటు గాలిలోకి లేచి, పసుపు గులాబీల పొదలో పడ్డాడు. మళ్ళీ లేచి, దాని కాళ్ళ మధ్యనుంచి పాకి, పొగలో చెయ్యి పెట్టి తడిమాడు. ముళ్ళు, ముళ్ళు, వేడిబూడిద, తర్వాత మెత్తటి చల్లటి కాడ.

పిలక దొరికింది. చివరి ఆకు కమిలింది గాని మడమ ముక్క, వేరు పోగులు పచ్చిగానే ఉన్నాయి. కత్తితో కోసి ఉంటే అవి వచ్చేవి కావు. పీకడమే మేలయింది.

కొంగ ముక్కు చల్లారిపోయి, ఏం చెయ్యాలో తెలియక ఒంటికాలి మీద నిలబడింది.

ఇంతలో మేడ మీద గంట మోగింది. కొత్త మాలిని పుల్లలతో సహా రమ్మని పిలుపు.

"నువ్వు పారిపో," అంది తిప్పమ్మ. "నేను పోయి దొరకు ఏదో చెబుతాను."

"నేను పోకపోతే తోటంతా మూసి వెతుకుతాడు. నువ్వు పూటపూటా బూడిదగంప పట్టుకుని బయటికి పోతావు, నిన్నెవరూ చూడరు."

"వాకిట్లో కాపలా ఉన్న రాతికుక్కలు?"

"అవి గులాబి వాసనే పసిగడతాయి. దీనికి వాసనేదీ?"

తిప్పమ్మ పిలకను తీసుకుంది. ఏటా పీకి పారేసిన చేత్తోనే, పసిపిల్ల మెడ కింద చెయ్యి పెట్టినట్టు పట్టుకుంది. తడి నాచు తెచ్చి మొదట్లో చుట్టి, కొంగు చించి కట్టి, బూడిదగంప అడుగున దాచింది.

"రేవులో పడవ ఉంటుంది," అన్నాడు యువరాజు. "అందులో సింగన్న అని మావాడు. మాటలు రావని అనుకునేవు, వస్తాయి గాని వాడడు. అవతలి గట్టున నీడ చూసి నాటు. మట్టి గట్టిగా అదుము. ఆకు వాడేలోపు జరగాలవ్వా."

"నాటడం నాకు నేర్పుతావురా? పో. దొర ముందు తల పైకెత్తకు, రాచబుద్ధి కనిపిస్తుంది."

ఆమె కొత్త చుట్ట వెలిగించుకుని అటు పోయింది. యువరాజు తడిగుడ్డ విప్పి, కొంకి కత్తి తీసి, నడుస్తూనే పుల్లల కొసలన్నీ మళ్ళీ కోశాడు. ఈసారి పైకొసకు అడ్డకోత, కిందికొసకు ఏటవాలు.

మేడ ముందు చంద్రకాంతపు అరుగు. దానిమీద వేసిన నెమలికన్నుల పరుపు మీద కరాళకంఠుడు కూర్చుని ఉన్నాడు. ముఖం పెళ్ళికొడుకుది. జుట్టు తుమ్మెదరెక్క. చేతులు మాత్రం ఎండిన కాకరకాయలు. కళ్ళలో చూపు లేదు, గంజి వార్చినట్టు తెల్లగా ఉన్నాయి. చుట్టూ వెండి గిన్నెల్లో అత్తరు ఆవిరి లేస్తోంది, ఆ ఆవిరిలో చిలకలు రంగులు మార్చుకుంటూ తిరుగుతున్నాయి.

"రా నాయనా," అన్నాడు. గొంతు తేనెలాగా ఉంది. "పుల్లలు ఇయ్యి."

ఒక్కొక్కటీ అందుకుని బొటనవేలితో రెండు కొసలూ తడిమాడు. "శుభ్రంగా కోశావు. తోటపని ఎవరి దగ్గర నేర్చావు?"

"మా ఊళ్ళో స్వామీ."

"వేరు ముసలిదైందని విన్నావుగా. రాచబిడ్డే, గట్టిదే. అయినా వేరుకూ ఒక వయసుంటుంది. ఇక నాకు కుర్ర వేరు కావాలి. ఎండలో నడిచిన కాళ్ళు, మట్టి ఎరిగిన కాళ్ళు." వంగి యువరాజు పాదాన్ని తడిమాడు. "ఇవి బాగున్నాయి."

వాకిలి దగ్గర రాతికుక్కలు గుర్రుమన్నాయి. ముసలి గొంతు ఒకటి వాటిని తిట్టడం వినిపించింది: "నన్నా వాసన చూసేది? నేను స్నానం చేసి ఎన్నాళ్ళయిందో మీకు తెలియదూ?" గుర్రుమన్న చప్పుడు ఆగింది. తలుపు కిర్రుమని మూసుకుంది.

ఆమె రేవు చేరాలి. పడవ నీళ్ళలో పడాలి. అందాకా ఈ తెల్లకళ్ళు ఇటే తిరిగి ఉండాలి. అతను కదలలేదు.

"కాళ్ళు కావాలంటే తీసుకోండి స్వామీ. నొప్పుంటుందా?"

"కలలాగా ఉంటుంది," అన్నాడు కరాళకంఠుడు, నిజంగానే దయగా.

తన కొంకి కత్తి కొసతో నేల మీద గీత గీసి మంత్రం చదివాడు. అరుగు కింద మట్టి మెత్తబడింది. యువరాజు మడమలు అందులోకి దిగాయి. వేళ్ళు విచ్చుకుని, చీలి, మళ్ళీ చీలి, చల్లటి చీకట్లోకి పాకసాగాయి. నొప్పి లేదు. పిక్కల మీద బెరడు మొలిచింది, మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. ఒంట్లో ఏదో తీయగా పైకి ఎక్కుతోంది. కరాళకంఠుడు పిక్క మీద బెరడు గీరి, పుల్లను ఆ చీలికలో జొనిపి, యువరాజు జుట్టులోనుంచి పాయ తెంపి బిగించి కట్టాడు.

"చిటికెలో చిగురేస్తుంది," అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

చిగురెయ్యలేదు.

చిలకలు రంగులు మార్చుకోవడం మానేశాయి. అత్తరు గిన్నెలో ఆవిరి తగ్గింది. కరాళకంఠుడి చెంప మీద ఒక మడత పడింది, దాని పక్కన ఇంకొకటి. మరో పుల్ల కట్టాడు. అదీ నల్లబడింది. తుమ్మెదరెక్క జుట్టు చెవుల దగ్గర బూడిదరంగు తిరిగింది. బొటనవేలితో ఈసారి కొసలు కాదు, నడిమి కణుపులు తడిమాడు. కణుపు మొగ్గలన్నీ నేలచూపు చూస్తున్నాయి.



"తలకిందులు," అన్నాడు చివరికి. "ఏ ఊరు నాయనా నీది?"

"శీతలగిరి."

కరాళకంఠుడు లేచాడు. లేస్తున్నప్పుడే నడుము వంగిపోయింది. తడుముకుంటూ తోట నడిమికి నడిచి, పాదులో చెయ్యి పెట్టి, కొత్తగా చీలిన పచ్చి గాయాన్ని వేలితో కొలిచాడు. చీలిన పిలక అక్కడ లేదని అర్థమైంది. "కొంగా," అని పిలిచాడు. గొంతులో తేనె లేదు. "నీళ్ళ మీద పడవ ఏదైనా పోతోందేమో చూడు. ఉంటే ముంచు." రాగి కొంగ రెక్కలు విప్పి, మంచును చీల్చుకుంటూ సరస్సు వైపు ఎగిరింది. కరాళకంఠుడు తన కొంకి కత్తి చేతబట్టుకుని అరుగు వైపు తిరిగాడు. మొక్క మాట వినకపోతే మొదలంటా కొట్టెయ్యడమే మిగిలింది.

యువరాజు అవతలి గట్టు చూడలేడు, మంచు అడ్డం. కాని అతని వేళ్ళు ఇప్పుడు సరస్సు కిందికి పోయాయి. నీటి బరువు తెలుస్తోంది. పైన తెడ్డు పడుతున్న చప్పుడు, చేపల కదలిక, నత్తల నడక, అన్నీ అరికాళ్ళతో వింటున్నట్టు తెలుస్తున్నాయి. తెడ్డు ఆగింది. పడవ ముక్కు బురదకు తగిలింది. ఎవరో గబగబా గట్టెక్కారు, తూలారు, తిట్టుకున్నారు. మట్టిలో గుంట పడింది. ఆ గుంటలోకి చల్లటి సన్నటిదొకటి దిగింది. చుట్టూ మట్టి పడింది. ముసలి చేతులు దాన్ని గట్టిగా, మళ్ళీ గట్టిగా అదిమాయి. నీళ్ళు పోశారు. తర్వాత ఆ సన్నటిది మట్టిని పట్టుకుంది. చిన్నపిల్ల వేలు పట్టుకున్నంత మెల్లగా పట్టుకుంది, వదల్లేదు.

నీటి మీద కొంగ నీడ వెళ్తోంది. ఇటు కరాళకంఠుడి అడుగుల చప్పుడు అరుగు దాకా వస్తోంది.

అక్క వేరు పట్టింది, ఇక దొరను ఇక్కడ నిలిపి ఉంచే పని లేదు. ఉదయకేతుడు నడుమున ఉన్న కత్తి తీశాడు. మోకాళ్ళ కింద బెరడును ఎడమచేత్తో తడిమాడు. మనిషి ఎక్కడ ఆగి చెట్టు ఎక్కడ మొదలవుతోందో ఆ ముడి వేలికి తగిలింది. దానికి కాస్త కింద, నీళ్ళు నిలవకుండా ఏటవాలుగా, కత్తి ఆనించాడు.